అట్టచీటీ వెనకవైపు

ఆ ఏడు మా ఇంట్లో వానాకాలం ఒక స్క్రూతో మొదలైంది. కుట్టుమిషన్‌లో కిందదారం ఉండే బాబిన్ కేసుకి బిగించే స్క్రూ అది. ఆవగింజకి అక్కలా ఉంటుంది. మా అత్తయ్య చేతిలోంచి జారి కింద పడింది. ఆమె, నేను, మా ఆయన, ముగ్గురం మోకాళ్ల మీద పాక్కుంటూ గంటసేపు వెతికితే బల్లకోడు పక్కన దొరికింది. అత్తయ్య దాన్ని తీసుకుని మళ్లీ బిగించబోయింది. మళ్లీ జారింది. ఈసారి ఆమె వెతకలేదు.

"ఇక చాల్లే," అని లేచి వెళ్లి చేతులు కడుక్కుంది.

అత్తయ్య ముప్పయ్యేళ్లుగా మా ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేసేది. వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు, మిషనమ్మ అంటేనే తెలుస్తుంది. ఆర్నెల్ల కిందట ఆమె కుడిచేతికి వణుకు మొదలైంది. ప్రాణానికేం భయం లేదు గానీ సన్నపని మానుకోమన్నాడు డాక్టరు. ఆమెకున్నదే సన్నపని. అందులోనూ వానాకాలమంటే మా ఇంటికి మిషన్లు వరసకట్టే కాలం. చెమ్మకి ఇనుము బిగుసుకుపోతుంది, తుప్పు పడుతుంది, బెల్టు జారుతుంది. అలాంటి కాలంలో ఆమె వచ్చినవాళ్లని వచ్చినట్టే తిప్పి పంపడం మొదలుపెట్టింది.

రెండోరోజు పొద్దున్నే పాతసామాన్లు కొనేవాడు వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. అత్తయ్య స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, నూనెడబ్బాలు ఒక్కొక్కటే బల్ల మీద పరుస్తోంది. నాకు ఒళ్లు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ పెద్దమనిషి ముందు మంచినీళ్ల గ్లాసు ఠప్పున పెట్టాను. సగం నీళ్లు ఆయన ఒళ్లోనే పడ్డాయి.

"వానలు ఆగాక రండి," అన్నాను.

"పెద్దమ్మగారే రమ్మన్నారమ్మా."

"చిన్నమ్మగారు ఇప్పుడొద్దంటోంది."

ఆయన అత్తయ్య వంక చూశాడు. ఆమె నా వంక చూసింది. ఏమనుకుందో ఏమో, పరిచినవన్నీ మళ్లీ పెట్టెలో సర్దింది. ఆయన వెళ్లాక అడిగింది.

"వానలు ఆగేదాకా ఆగి ఏం చేస్తావమ్మాయ్?"

"ఏదో ఒకటి చేస్తాను."

"అదే, ఏంటి?"

"తెలిస్తే చెప్పనా అత్తయ్యా?"

నిజంగానే తెలియదు. నా ఉద్యోగమే పోయి అప్పటికి నెల. ఒక ట్యూషన్ సెంటర్లో పిల్లలకి నోట్సులు తయారుచేసేదాన్ని. కష్టమైన పాఠాన్ని పది పేజీల్లో తేలిగ్గా రాయడం నా పని. అది మూతపడింది. మా ఆయన బస్సు డ్రైవరు కాబట్టి ఇంట్లో పొయ్యి ఆరదు, ఆ బెంగ లేదు. నా బెంగంతా ఈవిడ గురించే. ఆ పనిముట్లు ఇల్లు దాటాక ఈవిడ కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వానని చూస్తూ అలాగే చిక్కిపోతుందని నాకు భయం వేసింది. ఏ గయ్యాళి అత్తో అయ్యుంటే ఇంత బాధ లేకపోను. నా ఖర్మ కొద్దీ మంచి అత్త దొరికింది.

జనం ఫోన్లలో చిన్నచిన్న పుస్తకాలు, పాఠాలు కొనుక్కుంటున్నారు. రాయడం నాకొచ్చు. కాబట్టి ఆన్‌లైన్‌లో ఏదైనా రాసి అమ్ముతాను, అది కుదిరితే ముందుగదిని మూసే పని ఉండదు. ఇదీ నా ఆలోచన. ఏం రాయాలన్నది మాత్రం తేలలేదు. ఒక నోటుబుక్కు తెరిచి రెండు రోజుల్లో నలభై ఆలోచనలు రాశాను. బరువు తగ్గడం ఎలా, పొదుపు చేయడం ఎలా, పిల్లల చేత చదివించడం ఎలా, కోపం తగ్గించుకోవడం ఎలా.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఆ పుస్తకం తిరగేశాడు.

"కోపం తగ్గించుకోవడం ఎలా, ఇది నువ్వు రాస్తావా?"

"రాస్తే ఏం?"

"ఏం లేదు. రాశాక ముందు నువ్వే ఒకసారి చదువుకో."

ఆఖరికి 'ముప్పై రోజుల్లో అందమైన చేతిరాత' రాశాను. పది రోజులు కూర్చుని, గీతలు గీసి, బొమ్మలు పెట్టి ఆన్‌లైన్‌లో ఉంచాను. రెండు అమ్ముడయ్యాయి. ఒకటి మా ఆయన కొన్నాడు. రెండోది మా తమ్ముడు కొన్నాడు. వాడి చేతిరాత ఈరోజుకీ కోడి కెలికినట్టే ఉంటుంది. తర్వాత 'కుండీల్లో గులాబీలు' మొదలుపెట్టాను గానీ, అది సగంలో ఉండగానే మా కుండీలో గులాబీ చచ్చిపోయింది. ఆ పుస్తకం అక్కడితో ఆపేశాను.

అప్పుడు తట్టింది, ఇంట్లో ఇంత విద్య పెట్టుకుని నేను గులాబీల వెంట పడ్డానేంటని. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. అత్తయ్య దగ్గరికెళ్లి, మీకు తెలిసిందంతా చెప్పండి, నేను రాస్తాను అన్నాను.

"ఎవరు చదువుతారే? మిషన్ పాడైతే మెకానిక్ దగ్గరికి పోతారు గానీ," అంది.

చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. మూడు వారాలు ఆమె చెప్పింది, నేను రాశాను. నూట నలభై పేజీలు. ఒకటో అధ్యాయం హుక్ టైమింగ్. రెండోది దారం టెన్షన్ సవరణ. మూడోది సూదికడ్డీ ఎత్తు. నాకే గర్వంగా అనిపించింది. 'కుట్టుమిషన్ మరమ్మత్తు సంపూర్ణ గ్రంథం' అని పేరు పెట్టాను. ఆ 'గ్రంథం' చూసి అత్తయ్య ముసిముసిగా నవ్వుకుంది.

పెట్టిన వారానికి ఒక్కటంటే ఒక్కటి అమ్ముడైంది. కొన్నవాడు పక్కవీధి మెకానిక్కు. జోరువానలో గొడుగేసుకుని మా ఇంటికొచ్చాడు.

"మిషనమ్మా, పద్నాలుగో పేజీలో తప్పుంది."

"తప్పా? కూర్చో."

ఇద్దరూ రెండు గంటలు వాదించుకున్నారు. ఆరోజు అత్తయ్య చాలా రోజుల తర్వాత కడుపునిండా భోంచేసింది. నాకు అదొక్కటే లాభం. ఆయన వెళ్తూ గుమ్మంలో ఆగి, "పుస్తకం బాగుందమ్మా. కానీ మిషనున్న మనిషికి టైమింగంటే ఏం తెలుసు? ఇది నాకు పనికొస్తుంది. నాలాంటోళ్లు ఊరికి నలుగురుంటారు," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

ఆ మర్నాడే అటక కారడం మొదలైంది. అటక మీద అత్తయ్య గోనెసంచులు ఐదున్నాయి. వాటిల్లో అట్టచీటీలు. ఆమెకొక పద్ధతి ఉంది. ఎవరైనా మిషన్ తెస్తే దాన్ని ముట్టుకోకముందే ఒక అట్టముక్క తీసి, వచ్చినామె ఏమందో ఆ మాటని అన్నది అన్నట్టే రాసి, దారంతో మిషన్‌కి కడుతుంది. బాగయ్యాక అదే చీటీ వెనకవైపు ఏం చేస్తే బాగైందో ఒక్క ముక్కలో రాస్తుంది. మన భాషలోకి మార్చకూడదు, మనకి తెలిసిన జబ్బుపేరు రాసుకుంటే మనం వినడం అక్కడితో ఆపేస్తాం అనేది. ముప్పయ్యేళ్లలో ఒక్క చీటీ పారెయ్యలేదు. పెళ్లయిన కొత్తలో ఆ సంచుల్ని చూసి, ఈవిడకి కొంచెం పిచ్చేమో అనుకున్నాను కూడా.

సంచులు దింపేసరికి సగం తడిసి ఉన్నాయి. బయట వాన. ముందుగదిలో కిటికీ ఊచల నుంచి తలుపు గడియ దాకా తాళ్లు కట్టాం. ఒక్కో చీటీకి దారం ఉండనే ఉంది కాబట్టి నేను తాళ్లకి కడుతూపోయాను. ట్యూషన్ సెంటర్ అలవాటు నన్ను వదల్లేదు. ఒక రకం ప్రశ్నలన్నీ ఒక చోట చేర్చడం నాకు చేతికి వచ్చిన పని. ఆరాక సంచుల్లో సర్దడం తేలికని ఒక రకం మాటలన్నీ ఒక తాడుకి కట్టాను.

చదువుతుంటే నవ్వాగలేదు. 'గుర్రమెక్కినట్టు చప్పుడు చేస్తోంది.' 'నిన్నటిదాకా బానే ఉంది, నేనేం చెయ్యలేదు.' 'కుట్టమంటే కుట్టదు, కొరుకుతుంది.' 'నన్ను చూస్తే చాలు దారం తెంపుతుంది, మా అక్క కుడితే తెంపదు.' ఒక తాడు మొత్తం ఒకే మాట: 'మా ఆయన బాగుచేశాడు, అప్పట్నుంచీ తిరగట్లేదు.' ఆ తాడు దగ్గర మా ఆయన చాలాసేపు నిలబడి చదివి, లోపలికెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి పదకొండు తాళ్లు నిండాయి. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. కిటికీ పక్క తాడు బాగా వంగిపోయి చీటీలు నేలకి తగులుతున్నాయి. ముడి సరిగ్గా వెయ్యలేదేమోనని లేచి చూశాను. ముడి గట్టిగానే ఉంది. దానికి కట్టిన చీటీలే ఎక్కువ. అన్నిటి మీదా దాదాపు ఒకే మాట. 'కింద దారం ముద్దలు కడుతోంది.' 'కింద పిచ్చుకగూడు కడుతోంది.' వెనక్కి తిప్పి చూశాను. పదింట ఎనిమిదింటి వెనక ఒకటే రాసుంది. 'ఫుట్ ఎత్తి పైదారం మళ్లీ ఎక్కించాను.'

"అత్తయ్యా, దీంట్లో టైమింగ్ లేదు, టెన్షన్ సవరణ లేదు. ఇంతేనా?"

"ఇంతే. బట్టని నొక్కిపట్టే ఫుట్ దించి ఉంటే, పైన దారాన్ని బిగించే రెండు బిళ్లలు మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యలోకి దిగదు. పైన వదులైన దారం కింద ముద్ద కడుతుంది. పాపం వాళ్లు కిందే చూస్తారు, కిందే విప్పుతారు. తప్పు పైన ఉంటుంది."

నేను గ్లాసు పక్కన పెట్టి నోటుబుక్కు తెచ్చుకున్నాను. నలభై ఆలోచనలు ఉన్న పేజీలని చింపి, కొత్త పేజీలో తాళ్ల పేర్లు రాసుకున్నాను. ఏ తాడు ఎంత వంగితే దాని పేరు అంత పైన. 'కింద దారం పిచ్చుకగూడు కడుతోందా?' అన్నది మొదటిది. 'మీ ఆయన బాగుచేశాడా?' రెండోది. 'మిమ్మల్ని చూస్తేనే దారం తెంపుతోందా?' మూడోది. సంపూర్ణ గ్రంథాన్ని పదకొండు చిన్న పుస్తకాలుగా కోసేశాను.

అత్తయ్య మాత్రం అడ్డం తిరిగింది.

"ఫుట్ ఎత్తమని చెప్పడానికి నేనెప్పుడూ పైసా తీసుకోలేదు. చెయ్యి పెడితేనే తీసుకుంటాను. నోటితో చెప్పేది ఊరికే."

"మీ చెయ్యి ఇప్పుడు..." అని నాలుక కరుచుకున్నాను.

ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. నన్ను నేను చెప్పుతో కొట్టుకుందామన్నంత సిగ్గేసింది. దీపాలు పెట్టే వేళకి ఆమే నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"మొదటి పుస్తకం అందరికీ ఊరికే ఇవ్వు. అది నోటిమాట," అంది. "మిగతావి నువ్వు కూర్చుని రాశావు. రాయడం చేతిపనే. నీ చేతికి తీసుకో. సూదుల ప్యాకెట్ ధర కంటే ఒక్క పైసా ఎక్కువ పెట్టావంటే ఊరుకోను."

సరేనన్నాను. వ్యాపారం తెలిసినవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనీ అనుకున్నాను.

ఒక్కో పుస్తకానికి ఒక చిన్న వీడియో కూడా ఉండాలనుకున్నాం. చేతులెవరివి? అత్తయ్య చేతులు వణుకుతాయి. నా చేతులు వణకవు, కానీ వాటికేం రాదు. ఇంకో దారి లేక నా చేతులు, ఆమె గొంతు పెట్టాం. మా ఆయన ఫోన్ పట్టుకున్నాడు.

"ఫుట్ ఎత్తు. ఫుట్ ఎత్తమంటే చక్రం తిప్పుతావేంటమ్మాయ్? వెనకున్న పుల్ల. అదీ. ఇప్పుడు దారం బిళ్లల మధ్యకి లాగు. గట్టిగా కాదు, అదేం పగవాడి మెడా? ఆ, అలాగ."

తిట్లన్నీ కత్తిరించేద్దామన్నాను. పరువు పోతుందని నా బాధ. మా ఆయన ఒప్పుకోలేదు.

"అవే అసలు. నీకే వచ్చిందంటే ఎవరికైనా వస్తుంది. చూసేవాళ్లకి ధైర్యం," అన్నాడు.

అది పొగడ్తో తిట్టో ఆలోచించి, కోపం రేపటికి వాయిదా వేసుకున్నాను.

మొదటి పుస్తకాన్ని ఊరికే వదిలిన మూడో పొద్దున మా ఆయన నా ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "నీ ఫోన్ పాడైనట్టుంది. ఇందాకట్నుంచీ ఒకటే మోత," అన్నాడు. తీసి చూశాను. పాడవలేదు. జనం మిగతా పుస్తకాలు కొంటున్నారు. నేను చూస్తుండగానే ఇంకొకటి, ఆ వెంటనే మరొకటి. స్టవ్ ఆపడం మర్చిపోయాను. పాలన్నీ పొంగిపోయాయి. అత్తయ్య వచ్చి స్టవ్ ఆపి, "ఎవరమ్మా?" అని అడిగింది.

"ఎవరో తెలీదత్తయ్యా. మనవాళ్లెవరూ కాదు. మా తమ్ముడు కూడా కాదు."

వారం తిరిగేసరికి రెండు వందల పైచిలుకు మంది కొన్నారు. అందరికంటే ఎక్కువ అమ్ముడైంది 'మీ ఆయన బాగుచేశాడా?'. ఆడవాళ్లు కొని పక్కింటివాళ్లకి పంపారు, కొందరైతే వాళ్లాయనకే పంపారు. ఒక కుట్టు శిక్షణ కేంద్రంవాళ్లు పదకొండు పుస్తకాలూ వాళ్ల పిల్లలందరికీ తీసుకున్నారు. పక్కవీధి మెకానిక్కు కూడా వచ్చి, "మా ఆవిడ కొనిపించిందమ్మా," అని ఒప్పుకున్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మేం రెండూ ఒకే వానాకాలంలో గెలిచాం. నేను కాలు నేల మీద నిలవకుండా తిరిగాను. నిజం చెబితే తప్పేముంది, నాకు పట్టలేనంత గర్వం వచ్చింది.

మెసేజ్‌లు వచ్చేవి. భోజనాలయ్యాక వాటిని అత్తయ్యకి చదివి వినిపించేదాన్ని. ఒకామె రాసింది, 'అమ్మా, మిషన్ అమ్మేద్దామనుకున్నాను. మీరు ఆ అమ్మాయిని తిట్టినట్టే నన్ను నేను తిట్టుకుంటూ చేశాను. తిరిగింది.' అత్తయ్య అది నా చేత నాలుగుసార్లు చదివించింది. నాలుగోసారి కళ్లు తుడుచుకుని, "తిరిగిందట," అంది.

కొత్త ప్రశ్నలు కూడా రావడం మొదలైంది. నాకు తొందరెక్కువ. వచ్చిన ప్రతి ప్రశ్నకీ ఒక పుస్తకం రాసేద్దామని కూర్చునేదాన్ని. అత్తయ్య కుదరనిచ్చేది కాదు. ప్రతి మాటనీ అన్నది అన్నట్టే అట్టచీటీ మీద రాయించి తాడుకి కట్టించేది.

"తాడు వంగేదాకా ఆగు. ఒకరిద్దరి గొడవైతే జవాబు రాసి పంపు. తాడు వంగితే పుస్తకం రాయి."

అప్పట్నుంచి ఏం రాయాలా అని నేను జుట్టు పీక్కోలేదు. పొద్దున్నే లేచి తాళ్లు చూసుకుంటే సరిపోయేది.

వానలు ఆగాయి. మొదటిసారి ఎండ కాసిన రోజునే పాతసామాన్లాయన బండి తోసుకుంటూ మా గుమ్మం ముందు ఆగాడు. మాటంటే మాట. నేను మంచినీళ్లు తెచ్చి ఈసారి నెమ్మదిగానే పెట్టాను.

"పెద్దమ్మగారూ, పనిముట్లు చూసుకుందామా?"

"అవి అమ్మట్లేదు బాబూ," అంది అత్తయ్య. "నువ్వే నాకు అమ్ము. నీ కొట్లో పాడైపోయిన కుట్టుమిషన్లు ఉంటాయిగా? ఏ జబ్బున్నది ఆ జబ్బుతోనే కావాలి. బాగుచేసి తేవద్దు."

ఆయన నోరెళ్లబెట్టాడు. "పాడైనవా? వాటితో ఏం చేస్తారమ్మా?"

"మా వీడియోల్లో వాటికో ఉద్యోగముంది."

ఆయన బండి మీద పాత ఇనుము కింద వెతికి ఒక మిషన్ లాగాడు. రంగంతా పోయింది, చక్రం బిగుసుకుపోయింది. ఆయనా నేనూ పట్టి తెచ్చి అత్తయ్య బల్ల మీద పెట్టాం. నేను స్క్రూడ్రైవర్ అందుకోబోతే ఆమె నా చేతి మీద ఒక్కటి వేసింది. సొరుగులోంచి అట్టచీటీ, పెన్నూ తీసి నా ముందు పెట్టింది. ఆమె రాస్తే అక్షరాలు వణుకుతాయి కాబట్టి రాత నాకు అప్పగించింది.

"చెప్పు బాబూ, దీనికేమైంది?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఏముందమ్మా, ముసలిదైపోయింది. ఇక దీని పనైపోయింది."

నా పెన్ను ఆగిపోయింది. అత్తయ్య మొహంలోకి చూడలేకపోయాను.

"రాయమ్మాయ్," అంది ఆమె. "ఆయనన్నది అన్నట్టే రాయి."

రాశాను. ఆమె ఆ చీటీ తీసుకుని, వణికే చేత్తోనే దారం మిషన్ పిడికి చుట్టి, రెండుసార్లు జారినా మూడోసారికి ముడి వేసింది. తర్వాత చీటీని తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు చూసి, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది.

"ఫోన్ తెమ్మను మీ ఆయన్ని," అంది.